బ్యాటరీ కొత్తదే, లైట్లు వెలుగుతున్నాయి, సెల్ఫ్ మాత్రం తిరగడం లేదు

ప్రశ్న: మాది కాకినాడ. నేను స్కూల్ టీచర్ని. తొమ్మిదేళ్ల పాత పెట్రోలు కారు ఉంది, మాన్యువల్ గేర్లు. వేసవి సెలవుల్లో పదిహేను రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పాతదైపోయింది అంటే కొత్తది వేయించాను. ఒక నెల బాగానే నడిచింది. ఇప్పుడు పొద్దున్నే తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు వస్తుంది, అంతే. డ్యాష్‌బోర్డు లైట్లు బాగా వెలుగుతాయి, హారన్ గట్టిగా మోగుతుంది. నాలుగైదు సార్లు తిప్పాక ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది. వాన పడిన మర్నాడు మరీ మొరాయిస్తోంది. ఒక మెకానిక్ వచ్చి సెల్ఫ్ మోటారుని రాడ్డుతో తట్టి స్టార్ట్ చేశాడు, మోటారు పోయింది, మొత్తం మార్చాలి అన్నాడు. ఇంకొకాయన ఈసీయూ, అంటే ఇంజినుని నడిపించే కంప్యూటర్ మీద అనుమానం చెప్పాడు. మామగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. ఆ రోజుల్లో పొద్దున్నే టెన్షన్ మొదలవుతోంది. ఎవరి మాట నమ్మాలి? నా అంతట నేను చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

జవాబు: టీచర్ గారూ, ఇప్పుడే ఏదీ మార్పించకండి. సెల్ఫ్ మోటారూ వద్దు, ఈసీయూ అసలే వద్దు. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే నా మొదటి అనుమానం ఇంజినుకి వెళ్లే ఎర్త్ వైరు మీద. అది కాకపోతే సెల్ఫ్ మోటారు లోపలి కాంటాక్టుల మీద. ఈ రెండింటిలో ఏది అన్నది డబ్బు ఖర్చు పెట్టకుండానే తేల్చుకోవచ్చు. అందులో చాలా భాగం మీ ఇంటి ముందే, మీ చేత్తోనే అవుతుంది.

ముందు మామగారి సంగతి. డయాలసిస్ వాయిదా వేసుకునే పని కాదు కాబట్టి, ఇది బాగయ్యేవరకు ఆ రెండు రోజులకూ తెలిసిన ఆటో అతనికి ముందురోజే చెప్పి ఉంచుకోండి. కారులోనే వెళ్లాల్సి వస్తే ఒక సౌలభ్యం ఉంది. మీది మాన్యువల్ గేర్ల కారు, బ్యాటరీలో ఛార్జ్ ఉంది కాబట్టి తోసి స్టార్ట్ చేయవచ్చు. తాళం ఆన్ చేసి, క్లచ్ తొక్కి, రెండో గేరులో పెట్టి, ఇద్దరు మనుషులు తోశాక కాస్త వేగం అందుకోగానే క్లచ్ వదలాలి. ఇంజిన్ అందుకునే వరకు బ్రేకు, స్టీరింగ్ రెండూ గట్టిగా ఉంటాయి. అందుకే ఇది ఖాళీ రోడ్డు మీద, చదును మీద చేయాల్సిన పని. పదే పదే తోయించకండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడు చేస్తుంది.

ఇక అసలు విషయం. హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, మరి సెల్ఫ్ ఎందుకు తిరగదు? సాయంత్రం పూట ఊళ్లో లో ఓల్టేజీ ఉన్నప్పుడు బల్బు వెలుగుతూనే ఉంటుంది గానీ గ్రైండర్ తిరగదు కదా, ఇదీ అలాంటిదే. రెండు హెడ్‌లైట్లూ కలిపి తీసుకునే కరెంటు సుమారు 9 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారుకి 100 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కావాలి. దారిలో ఎక్కడో ఒక బోల్టు కింద చిలుము పట్టి 0.05 ఓమ్‌ల అడ్డంకి ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్లు వెళ్లేటప్పుడు అక్కడ పోయేది అర ఓల్టు, ఎవరికీ తెలియదు. అదే జాయింటు గుండా 100 ఆంపియర్లు వెళ్లాలంటే 5 ఓల్టులు అక్కడే పోతాయి. 12 ఓల్టుల బ్యాటరీలో ఇక మోటారుకి మిగిలేది 7. మోటారు కదలదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంటుంది, వైరు చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపం లోడ్ పడినప్పుడు మాత్రమే బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే మన దగ్గర లెక్కలేనన్ని మంచి మోటార్లు తుక్కులోకి పోతున్నాయి. కరెంటు పారుతున్నప్పుడు కొలవకుండా ఫలానా పార్టు పోయిందని చెప్పే మాటకు నేను విలువ ఇవ్వను. మీరూ ఇవ్వకండి.

ముందు మీటరు లేకుండా ఒక చిన్న పరీక్ష. చీకటి పడ్డాక కారు లోపల రూం లైట్ వేసి తాళం తిప్పండి. హెడ్‌లైట్లు చూడకండి, చాలా కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు అవి వాటంతటవే ఆరిపోతాయి. టక్ మన్నప్పుడు రూం లైట్ దాదాపు ఆరిపోయినట్టయితే బ్యాటరీలోనో, బ్యాటరీ టెర్మినల్ బిగింపులోనో లోపం. టకటకటక మని వరసగా కొట్టుకున్నా అదే అర్థం. లైట్ బాగా మసకబారి అలాగే నిలబడితే మోటారు కరెంటు లాగుతోంది గానీ తిరగలేకపోతోంది, అంటే బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా బ్యాటరీ బలహీనం. లైట్ ఏ మాత్రం తగ్గకుండా ఒక్క టక్ మాత్రమే వస్తే మోటారుకి కరెంటు సరిగా చేరడమే లేదు. మీ ఉత్తరాన్ని బట్టి మీది ఈ మూడో రకం అనుకుంటున్నాను.

ఎర్త్ వైరు మీద అనుమానం ఎందుకంటే, లైట్లూ హారనూ వాడుకున్న కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి చేరుతుంది. సెల్ఫ్ మోటారు మాత్రం ఇంజినుకీ గేర్‌బాక్సుకీ బిగించి ఉంటుంది. ఆ ఇంజినేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు గుండా కరెంటు పారదు. కాబట్టి ఇంజినునీ బాడీనీ, లేదా ఇంజినునీ బ్యాటరీ మైనస్‌నీ కలుపుతూ ఒక లావు వైరో, జడలా అల్లిన రాగి పట్టీయో ఉంటుంది. అది తెగినా, వదులైనా, తుప్పు పట్టినా లైట్లు దేదీప్యమానంగా వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం పనిచేయదు. ఈ పట్టీ సాధారణంగా కింది వైపు, బురద నీళ్లు చిమ్మే చోట ఉంటుంది. మీది సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు. కారుకి తొమ్మిదేళ్లు. వానకి ఎక్కువవుతోంది. పైగా బ్యాటరీ మార్చిన నెలకే మొదలైంది. చాలా కార్లలో బ్యాటరీ మైనస్ నుంచి రెండు వైర్లు బయల్దేరతాయి, ఒకటి బాడీకి, ఇంకోటి గేర్‌బాక్సుకి. బ్యాటరీ మార్చేటప్పుడు ఆ రెండోది లాగబడి వదులైపోయే అవకాశం ఉంది. క్లచ్ గానీ యాక్సిలరేటర్ గానీ ఇనప కేబుల్‌తో పనిచేసే కార్లలో ఇంకో గుర్తు కూడా కనిపిస్తుంది. ఎర్త్ తెగిన ఇంజిన్ ఆ కేబుల్ గుండా కరెంటుని పంపుతుంది, కేబుల్ వేడెక్కి తొక్కడానికి బిగుసుగా తయారవుతుంది. క్లచ్ కేబుల్ తరచూ పోతోందని మార్పించుకునేవాళ్లు ఒక్కసారి ఎర్త్ చూపించుకోవాలి.

దీన్ని తేల్చడానికి ఒక జంపర్ కేబుల్ చాలు. పక్కింటి కారు నుంచి కరెంటు తీసుకోవడానికి వాడే ఎరుపు, నలుపు కేబుళ్లే. బజార్లో పైన ప్లాస్టిక్ లావుగా ఉండి లోపల వైరు సన్నగా ఉండేవి కూడా అమ్ముతున్నారు, వాటితో ఈ పరీక్ష చేస్తే ఫలితం తప్పు వస్తుంది. లోపల లావు రాగి ఉన్నవి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. నల్ల కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్ మీద రంగు లేని గట్టి ఇనప భాగానికి తగిలించండి. బెల్టుకీ ఫ్యానుకీ పెట్రోలు పైపులకీ దూరంగా ఉండాలి. ఇప్పుడు తాళం తిప్పండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మీ కారు ఎటూ నాలుగైదు సార్లకి ఒకసారి స్టార్ట్ అవుతోంది కాబట్టి కేబుల్ పెట్టగానే స్టార్ట్ అయితే సంబరపడిపోకండి. ముందు కేబుల్ లేకుండా మొరాయించాలి, వెంటనే కేబుల్ పెట్టగానే అందుకోవాలి. రెండు మూడు పొద్దుల్లో ఇదే జరిగితే లోపం ఎర్త్‌దే, సందేహం లేదు.

ఇంట్లో మల్టీమీటర్ ఉంటే ఇంకా కచ్చితంగా చూడవచ్చు. డీసీ 20 ఓల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో బ్యాటరీ సీసపు పోస్టుల మీద నేరుగా మీటరు వైర్ల కొసల్లోని పుల్లలు ఆనిస్తే 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలింది. ఇప్పుడు ఇంకొకరిని తాళం తిప్పమని అంకె చూడండి. సెల్ఫ్ తిరుగుతుంటే 9.6కి కిందికి పడకూడదు, పడితే బ్యాటరీ బలహీనం. టక్ మన్నప్పుడు 12 మీదే ఉండిపోతే కరెంటు పారడం లేదని రుజువైనట్టే. ఆ తర్వాత నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఎర్ర పుల్ల ఇంజిన్ ఇనుము మీద పెట్టి మళ్లీ తాళం తిప్పించండి. 0.2, మహా అయితే 0.3 ఓల్టులు చూపించాలి. ఒకటి, రెండు, అంతకన్నా ఎక్కువ చూపిస్తే ఆ ఓల్టులన్నీ ఎర్త్ దారిలో పోతున్నాయి. అప్పుడు దారిని ముక్కలు చేసి చూడండి: పోస్టుకీ దాని మీది బిగింపుకీ మధ్య, బిగింపుకీ బాడీకీ మధ్య, బాడీకీ ఇంజినుకీ మధ్య. ఏ ముక్కలో అంకె పెద్దగా వస్తే లోపం అక్కడే.

ఈ పనులకి ముందు చేతి గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు తీసేయండి. ఇది నేను ప్రత్యేకంగా చెప్తున్నాను. బంగారు గాజు బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి కాలుతుంది. కొంగు దోపుకోండి, రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆగి ఉన్నా ఉన్నట్టుండి తిరగవచ్చు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. బ్యాటరీ విప్పాల్సి వస్తే మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు అది చివర. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిందంటే మంటలు లేస్తాయి.

ఎర్త్ అని తేలితే రిపేరు చాలా చిన్నది. ఆ బోల్టులు విప్పించి, వైరు కొసనీ అది ఆనే చోటునీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దించి, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయించాలి. పట్టీ పోగులు తెగి ఉంటే కొత్తది వేయించండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి ఉంటే వైర్లు విప్పాక గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో కడగొచ్చు, ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు.

ఎర్త్ బాగుండి కూడా టక్ మంటోందనుకోండి, అప్పుడు మోటారు వైపు. ఇది కారు కింద చూడాల్సిన పని కాబట్టి ఆటో ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి, కానీ ఏం కొలవాలో మీరే చెప్పండి. మోటారు సాలినాయిడ్, అంటే తాళం తిప్పగానే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి, దాని మీద రెండు లావు బోల్టులుంటాయి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే బోల్టు దగ్గర 12 ఓల్టులు ఉండి, మోటారులోకి వెళ్లే బోల్టు దగ్గర ఏమీ లేకపోతే సాలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. రెండు చోట్లా 12 ఉండి మోటారు తిరగకపోతే, ఎర్త్ బాగుందని ముందే చూశాం కాబట్టి, మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. మొదటి బోల్టు దగ్గరే ఓల్టేజీ తక్కువగా ఉంటే ప్లస్ వైరు చూడాలి, ఆ దారిలో అర ఓల్టు కన్నా ఎక్కువ పోకూడదు. బ్రష్షులైనా కాంటాక్టులైనా సెల్ఫ్, డైనమో రిపేరు చేసే షాపుల్లో విడిగా వేస్తారు. మొత్తం మోటారు మార్చాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

రాడ్డుతో తడితే స్టార్ట్ అయింది కాబట్టి మోటారే అన్న మాటలో సగం నిజం ఉంది. బ్రష్షులు అరిగినప్పుడు తట్టగానే అవి కదిలి ఆనుకుంటాయి, మోటారు తిరుగుతుంది. అయితే ఆ దెబ్బకి మోటారు మీది వైరు బోల్టూ కదులుతుంది. పైగా తట్టకపోయినా అప్పుడప్పుడూ స్టార్ట్ అయ్యే కారు మీది. ఒక్కసారి తట్టి చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. ఆయన మోసం చేశాడని అనడం లేదు, కొలవలేదంటున్నాను.

ఒకవేళ ఎప్పుడైనా టక్ అని కూడా రాకుండా మౌనంగా ఉంటే దారి వేరు. అప్పుడు తాళం స్విచ్చి, సెల్ఫ్ రిలే, క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే కార్లలో క్లచ్ పెడల్ దగ్గరి చిన్న స్విచ్చి చూడాలి. డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు మిణుకుమిణుకుమంటుంటే దొంగతనం జరగకుండా అడ్డుకునే ఇమ్మొబిలైజర్ మీ కీని గుర్తుపట్టడం లేదు, బీరువాలోని రెండో కీతో ప్రయత్నించండి. సెల్ఫ్ బాగా తిరిగి ఇంజిన్ అందుకోకపోతే ఎర్త్ గొడవ పక్కన పెట్టి, తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి పెట్రోలు పంపు రెండు క్షణాలు గుయ్ మంటోందో లేదో వినండి. వినపడకపోతే దాని ఫ్యూజు, రిలే ముందు. వానాకాలంలో ఇంజిన్ వెచ్చదనానికి చేరిన ఎలుకలు వైర్లు కొరికిన కేసులు కూడా తక్కువేమీ కాదు.

మీరు అడగకపోయినా ఇంకో ప్రశ్న మీ ఉత్తరంలో ఉంది. పదిహేను రోజులకే బ్యాటరీ ఎందుకు దిగిపోయింది? పాతది కావడం ఒక కారణం కావచ్చు, మన వేసవి వేడి బ్యాటరీ ఆయుష్షుని బాగా తగ్గిస్తుంది. కానీ ఆగి ఉన్న కారులో ఏదో కరెంటు తాగుతూ ఉండే అవకాశమూ అంతే ఉంది. గడియారం, అలారం, ఈసీయూ జ్ఞాపకం కోసం 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు పోవడం మామూలే. అది 100 అయిందనుకోండి, ఆంపియర్‌లో పదో వంతే కదా అనిపిస్తుంది. రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు, పదిహేను రోజులకి 36. చిన్న కారు బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35 ప్రాంతంలో ఉంటుంది. బయట షాపులో పెట్టించుకున్న డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి ఏవైనా మీ కారులో ఉంటే ముందు వాటినే అనుమానించండి. డిక్కీ లైటు మూత వేశాక ఆరుతోందా అన్నది ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి చూడవచ్చు.

దీన్ని కొలవాలంటే కారు లాక్ చేసి కనీసం అరగంట, కొన్నింట్లో గంట ఆగాలి, ఈలోగా లోపలి కంప్యూటర్లు నిద్రపోతాయి. ఆ తర్వాత డీసీ మిల్లీ ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటరుని మైనస్ వైరు చుట్టూ పెడితే అంకె వస్తుంది. మామూలు మల్టీమీటరుని మైనస్ వైరు విప్పి మధ్యలో కలిపి కూడా కొలవచ్చు గానీ, అలా ఉండగా ఎవరైనా తాళం తిప్పితే మీటరు కాలిపోతుంది. మీరు మొదటి పద్ధతి తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవడం మంచిది. దొంగ దొరికితే దాని ప్లస్ వైరుని తాళం ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజుకి మార్పిస్తే సరిపోతుంది. ట్రాకర్ అయితే అలా మార్చలేం, తక్కువ కరెంటు తీసుకునేది పెట్టించుకోవాలి.

అలాగే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మీద మీటరు పెట్టి చూడండి. 13.8 నుంచి 14.5 దాకా ఉంటే డైనమో బాగా ఛార్జ్ చేస్తోంది. కొందరు దీన్ని పరీక్షించడానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ వైరు పీకేస్తారు. మీ కారు మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. పాత అంబాసిడర్ల కాలంలో నడిచిపోయింది గానీ, ఇప్పటి కార్లలో ఆ క్షణంలో ఓల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఈసీయూని కాల్చేయగలదు.

ఆ ఈసీయూ సంగతి కూడా చెప్తాను. మీ కారు ఒకసారి స్టార్ట్ అయ్యాక ఇబ్బంది పెట్టినట్టు గానీ, ఇంజిన్ లైటు వెలిగినట్టు గానీ మీరు రాయలేదు. తాళం తిప్పితే సాలినాయిడ్ టక్ మంటోందంటే అక్కడిదాకా రావాల్సిన ఆజ్ఞ వచ్చేసింది. మీ తరహా కార్లలో చాలావాటికి ఆ ఆజ్ఞ తాళం స్విచ్చి నుంచి రిలే ద్వారా వెళ్తుంది, కొన్నింటిలో ఈసీయూ అనుమతి కూడా కావాలి. ఎలా చూసినా టక్ అన్న తర్వాత అక్కడ మిగిలింది లావు వైర్లు, బోల్టులు, మోటారు. ఈసీయూ ఖర్చుకి ఎవరు అంచనా రాసిచ్చినా పక్కన పెట్టేసి, ఈ వారం ఒక మంచి జంపర్ కేబుల్ సంపాదించుకోండి. కారు మొరాయించిన పొద్దున రూం లైట్ ఎలా ఉందో, కేబుల్ పెడితే ఏమైందో, మీటరు ఏ అంకెలు చూపించిందో కాగితం మీద రాసిపెట్టి నాకు పంపండి. అదే కాగితం మీ ఎలక్ట్రీషియన్‌కి కూడా చూపించండి.